ఎనైదా చేతికి రెండు వాచీలు

అగ్వాదా ఊళ్ళో ఎనైదాను పెళ్ళికి పిలిస్తే, ఆమె వచ్చేసరికి కేకు కోయడం అయిపోయేది, ఫొటోలు అయిపోయేవి, మిగిలిన కంది అన్నాన్ని ఎవరో డబ్బాల్లో సర్దుతూ ఉండేవారు. ఇందులో పొగరేమీ లేదు. దారిలో ఎవరు పలకరించినా ఆగుతుంది, ఆగితే మాట తెగదు. "ఇదిగో, వచ్చేస్తున్నా" అని ఫోన్లో చెప్పేటప్పటికి ఇంకా స్నానమైనా చేసి ఉండదు. ముప్పై ఏళ్ళు బడి వంటశాలలో పనిచేసింది. ఉల్లిపాయలు తరిగే వేళకి తన బల్ల దగ్గర ఆమె ఉన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆ వంటశాలకి పెద్ద ఆమె అక్క ప్రొవిదెన్సియా. అందరూ ప్రోవి అంటారు. నాలుగు వందల మంది పిల్లల కంచాలు పదకొండున్నర కొట్టేసరికి బల్లల మీద ఉండాల్సిందే. తుఫాను ఊరిని ఊపేసిన ఏడు కూడా ప్రోవి ఒక్క నిమిషం తప్పలేదు. చెల్లెలు గుమ్మంలో కనిపించగానే గరిటె పక్కన పెట్టి, "వచ్చావా తల్లీ, నీ కోసమే చూస్తున్నాం" అనేది. వంటశాలంతా నవ్వేది. ఎనైదా కూడా నవ్వేది, కాని ఆ మాట ప్రతిసారీ గుచ్చుకునేది.

అయితే ఈ పదేళ్ళుగా తను బాగుపడ్డానని ఎనైదా నమ్మకం. ఎక్కడికి వెళ్ళినా, తను చేరేసరికి మిగతావాళ్ళు కూడా అప్పుడే వస్తూ కనిపిస్తున్నారు. వయసు మీద పడ్డాక అందరూ నా దారికే వచ్చారు అనుకుని లోలోపల మురిసిపోయేది. అక్కాచెల్లెళ్ళతో సహా, పని మానేసిన ఏడుగురు వంటవాళ్ళు కలిసి శాన్ హువాన్‌లో విహార ఓడ ఎక్కిన మర్నాడు ఆ మురిపెం కాస్తా తీరిపోయింది.

ఆ రోజు ఓడలో వాచీల అమ్మకం. ఏది తీసుకున్నా పది డాలర్లు. తొమ్మిదింటికి మొదలని ప్రోవి చెప్పింది. తొమ్మిదీ నలభైకి ఎనైదా రొప్పుతూ వెళ్ళేసరికి, బల్లల మీద గుడ్డలు పరుస్తున్న పెరూ అమ్మాయి ఒక్కతే ఉంది. మాగాలీ అని చొక్కా మీద పేరు రాసి ఉంది.

"అన్నీ అయిపోయాయా అమ్మాయ్?" అంది ఎనైదా నీరసంగా.

"అయిపోవడమేంటండీ, ఇంకా మొదలే పెట్టలేదు. పదింటికి. గదిలో పెట్టిన కాగితంలో ఉందిగా, చూళ్ళేదా?"

పదింటికి మిగతావాళ్ళు తీరిగ్గా నడుచుకుంటూ వచ్చారు. ఎనైదా ముందే అక్కడుండటం చూసి, వాళ్ళలో నిల్సా అనే ఆవిడ నోరు జారింది. "అదేంటే, నీకు తొమ్మిదని చెప్పినా ఇంత త్వరగా ఎలా వచ్చావు?"

"నాకు తొమ్మిదని చెప్పడమేంటి? మీకెన్నింటికని చెప్పింది?"

నిల్సా ప్రోవి వైపు చూసింది. ప్రోవి వాచీల వైపు చూసింది. ఇక దాచి లాభం లేదని నిల్సాకు అర్థమైంది. "కోపం తెచ్చుకోకే. నీకెప్పుడూ ఓ గంట ముందే చెప్తాం. పదేళ్ళయింది. మీ మేనకోడలి పెళ్ళికీ అంతే, చర్చికీ అంతే."

ఎనైదాకు తల కొట్టేసినట్టయింది. పదేళ్ళు. అంటే తను బాగుపడలేదు. ఊరంతా కలిసి తనకొక దొంగ గంట తయారుచేసి ఇచ్చింది, తను అందులో హాయిగా కాపురం చేసింది. అరవై ఆరేళ్ళ మనిషిని చంటిపిల్లను చేశారు.

"ప్రోవక్కా," అంది. "ఇకనుంచి నాకూ అందరికీ చెప్పే టైమే చెప్పు."

"గంట ముందు చెప్పకుండానే నాకంటే ముందు నువ్వొక్కసారి ఎక్కడికన్నా వచ్చిన రోజున చెప్తా," అంది ప్రోవి.

ఆ మాటతో ఎనైదా వాచీల బల్ల మీదికి ఎగబడింది. అప్పటికి జనం మూగారు, మోచేతులు తగులుతున్నాయి. గులాబీ పట్టీలు, బంగారు రంగు గొలుసులు, రాళ్ళు పొదిగినట్టు మెరిసేవి, అన్నీ ఒకే కుప్ప. ఎనైదా ఏరి ఏరి ఏడు వాచీలు తీసింది, మనిషికొకటి, ఇక అందరిదీ ఒకే టైమని. వాటి పక్కన టైము తిప్పే గుండీ కింద ప్లాస్టిక్ ముక్క ఇరికించి ఉంటుంది. అది లాగేదాకా ముల్లు కదలదు. మాగాలీ ఆమెను గోడ గడియారం కింద నిలబెట్టింది.

"దాన్ని చూసి పెట్టుకోండి. అది ఓడ టైము. మన ఓడ ఏ రేవుకెళ్ళినా దాన్నే నమ్ముతుంది."

"ఫోనుందిగా?"

"ఫోను గోడ మీది పిల్లి లాంటిదండీ. ఏ ఊళ్ళో దిగితే ఆ ఊరి వైపు దూకేస్తుంది. వీటికంత తెలివి లేదు. మీరు ఏం పెడితే అదే."

ఎనైదా మాటల పోగు కదా, మాగాలీ ఊరు, ఆమె తల్లి మోకాళ్ళ నొప్పులు, తమ్ముడి ఉద్యోగం అన్నీ తెలుసుకునే దాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఏడు వాచీల ముక్కలూ ఆ గోడ గడియారం కిందే ఒక్కొక్కటిగా లాగింది.

భోజనాల దగ్గర వాచీలు పంచింది. నిల్సా, మిగతా నలుగురూ బావుందే అంటూ తీసుకుని చేతిసంచుల్లో పడేసుకున్నారు. ప్రోవి మాత్రం తనదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తిరిగిచ్చేసింది.

"పది డాలర్ల వాచీ ఇల్లు చేరేలోపు చస్తుంది. దాని శవాన్ని నేను మొయ్యలేను. నువ్వే పెట్టుకో."

ఎనైదా మొహం మాడింది. పట్టుదల కొద్దీ రెండూ ఒకే చేతికి పెట్టుకుంది.

ఓడ పరాయి దేశపు రేవు కార్తహేనా చేరిన ఉదయం ఎనిమిదింటికి, కాఫీ తాగుతూ ప్రోవి చెల్లెలి చెయ్యి పట్టి లాగి, తన ఫోను పక్కన పెట్టి చూసింది. "ఎనిమిదీ అయిదు. దీంట్లోనూ ఎనిమిదీ అయిదే. పర్లేదే, ఇంకా బతికే ఉన్నాయి," అని అందరికీ వినపడేలా చెప్పింది. తర్వాత లేచి హుకుం జారీ చేసింది. "నాలుగున్నరకి ఓడ తలుపు మూస్తారు. మూడున్నరకి అందరం గడియారం బురుజు కింద కలవాలి. ఎనైదా, నీకు రెండున్నర."

"నాక్కూడా మూడున్నరే," అంది ఎనైదా.

"నీ ఇష్టం. రాకపోతే వదిలేసి పోతాం. ఎవరూ ఏడవరు."

దిగే ముందు ఓడ వాళ్ళు మైకులో ఏదో చెప్పారు గాని, ఏడుగురూ టోపీలు వెతుక్కునే గొడవలో ఎవరూ చెవిన వేసుకోలేదు. రేవులో కాలు పెట్టగానే ఫోన్లన్నీ టింగుటింగుమన్నాయి. మనవలకు ఫొటోలు పంపే హడావుడిలో ఒక గంట ఎటు పోయిందో ఎవరికీ పట్టలేదు.

ఎనైదా ఆ రోజు ఒక్కతే తిరిగింది. మామిడి ముక్కలమ్మే ఆవిడతో కబుర్లాడింది, కాని మధ్యమధ్యలో చెయ్యి చూసుకుంటూనే ఉంది. మూడు కాగానే, "నాకు పనుందమ్మా" అని మాట మధ్యలో లేచింది. తన జీవితంలో అలాంటి పని చెయ్యడం అదే మొదటిసారి. బురుజు కిందికి చేరేసరికి మూడూ ఇరవై అయిదు. చుట్టూ చూసింది. ప్రోవి లేదు, నిల్సా లేదు, ఎవ్వరూ లేరు. తనే మొదట వచ్చింది. ఒళ్ళంతా పులకరించింది. ప్రోవి ఆ మలుపు తిరిగి వచ్చి తనను చూసినప్పుడు మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ, సరదాగా తలెత్తి బురుజు మీది గడియారం చూసింది.

రెండూ ఇరవై అయిదు.

మళ్ళీ దొంగ గంటే. ఈసారి ఎవరూ ఇవ్వకుండానే తనే పది డాలర్లు పోసి కొనుక్కుంది. దారిన పోయే పెద్దమనిషిని అడిగింది. రెండూ ఇరవై అయిదు అన్నాడు. ప్రోవి అన్న శవాలు ఇవే కాబోలు అనుకుని చెయ్యి చూసుకుంది. రెండు వాచీలూ టకటకమని నడుస్తున్నాయి, రెండూ ఒకే మాట మీద ఉన్నాయి. చెడిపోతే రెండూ ఒక్కసారే, సరిగ్గా గంట ఎలా చెడతాయి? అప్పుడు మాగాలీ మాట గుర్తొచ్చింది. ఏ ఊళ్ళో దిగితే ఆ ఊరి వైపు దూకేస్తుంది.

ఓడలో మూడున్నర కావస్తోంది. తలుపు మూయడానికి గంటే ఉంది. ఫోన్లు నమ్ముకున్న ఆరుగురూ ఇంకో గంట దాకా ఈ బురుజు దగ్గరికే రారు.

వెతుక్కుంటూ మిఠాయి కొట్ల వరసలోకి వెళ్తే అక్కడ నిల్సా కొబ్బరుండ తింటూ కూర్చుని ఉంది. ఎనైదా ఆమె చేతిసంచి లాక్కుని అడుక్కంటా తవ్వి వాచీ తీసింది. అదీ మూడున్నరే చూపించింది.

"ఏమైందే నీకు?"

"ప్రోవి ఎక్కడుంది?"

"పచ్చల నగల కొట్టులో. చల్లగా ఉంది, కాఫీ కూడా ఊరికే ఇస్తున్నారు. మిగతా నలుగురూ అక్కడే."

ఎనైదా పరిగెత్తింది. ఆమె పరిగెత్తడం నిల్సా ఎన్నడూ చూడలేదు, అందుకే ఏమీ అడక్కుండా వెనకాలే పరిగెత్తింది. కొట్టులోకి దూసుకొచ్చి, "లేవండి, ఓడ వెళ్ళిపోతుంది," అంది ఎనైదా.

ప్రోవి ఫోను చూసింది. "రెండూ ముప్పై అయిదు. ఇంకా బోలెడు టైముంది. నీకెవరు చెప్పారు?"

"ఇవి చెప్పాయి," అని చెయ్యి చాపింది.

కొట్టు వాళ్ళు కూడా నవ్వారు. "పది డాలర్లు," అంది ప్రోవి వాళ్ళకి వివరంగా.

"నవ్వింతర్వాత మీ సంచుల్లో ఉన్నవి తీసి చూడండి," అంది ఎనైదా.

నలుగురూ తీశారు. మూడూ ముప్పై అయిదు, మూడూ ముప్పై అయిదు, మూడూ ముప్పై ఆరు, మూడూ ముప్పై అయిదు. గ్లోరివీ అనే ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టేసింది.

ప్రోవి మాత్రం లొంగలేదు. "అన్నీ ఒక్క కుప్పలోవేగా. అన్నీ కలిసే చెడ్డాయి."

"పొద్దున ఎనిమిదింటికి నువ్వే చూశావు. నీ ఫోనూ నా వాచీ ఒకటే చెప్పాయి. అందరి ముందూ చెప్పావు, బతికే ఉన్నాయని. అప్పుడు బాగున్న ఏడు వాచీలు ఇప్పుడు ఒక్కసారే గంట ముందుకి దూకాయా, లేకపోతే నీ ఒక్క ఫోను దిగగానే ఈ ఊరి టైముకి మారిందా? ఈ ఊరు మనకంటే గంట వెనకుంది ప్రోవక్కా. ఓడ మన ఊరి టైము మీదే ఉంది. వాచీలమ్మిన పిల్ల చెప్పింది."

ప్రోవి ఫోను వైపు చూసింది, చెల్లెలి చెయ్యి వైపు చూసింది. ముప్పై ఏళ్ళు పదకొండున్నర తప్పని మనిషి మొహం పాలిపోయింది. మందులు ఓడలో ఉన్నాయి, పాస్‌పోర్టులు ఓడలో ఉన్నాయి, ఏడుగురి బాధ్యతా తన నెత్తి మీద ఉంది.

"అందరూ లేవండి," అంది.

రెండు టాక్సీలు దొరికాయి. వంతెన మీద బళ్ళు ఆగిపోయాయి. ఎనైదా ముందు సీట్లో కూర్చుని నిమిషాలు పైకి చదివింది. "మూడూ యాభై తొమ్మిది. నాలుగూ రెండు. నాలుగూ ఏడు." వెనక ప్రోవి, చెల్లెలు చదివే ప్రతి అంకెనూ నోట్లోనే మళ్ళీ అనుకుంది. రేవు గేటు దగ్గర దిగి, లోపలి తోటలో అరుస్తున్న రంగురంగుల చిలకల పక్క నుంచి ఏడుగురూ పడుతూ లేస్తూ నడిచారు. ఓడ మెట్ల దగ్గర కాపలా అతను వాళ్ళ కార్డులు మిషను మీద పెట్టాడు. "బాగా చివర్లో వచ్చారే," అన్నాడు. ఎనైదా చెయ్యి చూసుకుంది. నాలుగూ ఇరవై రెండు.

"చివర్లో కాదు బాబూ. ఎనిమిది నిమిషాలు ముందొచ్చాం."

పై అంతస్తుకు ఎక్కి రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. ఓడ తాళ్ళు విప్పాక పదిమంది దాకా సంచులతో రేవు మీద పరుగెత్తుతూ కనిపించారు. ఒకాయన ఫోను పైకెత్తి ఊపుతూ ఏదో అరుస్తున్నాడు, టైము చూపిస్తున్నాడు కాబోలు. ఓడ ఆగలేదు. నిల్సా శిలువ గుర్తు వేసుకుంది. "ఎనైదా లేకపోతే మనం ఈపాటికి పచ్చల కొట్లో కాఫీలు కలుపుతూ ఉండేవాళ్ళం," అంది. ఏడుగురూ ఒకరి మీద ఒకరు పడి కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు. గ్లోరివీ ఎనైదా చెయ్యి పట్టి పైకెత్తింది, కుస్తీలో గెలిచిన వాడి చెయ్యి ఎత్తినట్టు. ఆ చేతికి రెండు వాచీలూ ఎండలో ధగధగలాడాయి. ఎనైదాకు అంత ఆనందం పెళ్ళినాడు కూడా కలగలేదు. పెళ్ళినాడు ఆలస్యంగా వెళ్ళి తిట్లు తింది మరి.

నవ్వులు తగ్గాక ప్రోవి దగ్గరికొచ్చి మణికట్టు చాపింది.

"నాది నాకిచ్చెయ్."

ఎనైదా ఒక వాచీ విప్పి అక్క చేతికి పెట్టింది. పట్టీ బిగువైంది, ఒక కన్నం వదులు చేసింది. ప్రోవి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నది.

"భోజనం ఎన్నింటికి?" అంది ఎనైదా.

"ఏడింటికి."

"నా ఏడా, మీ ఏడా?"

ప్రోవి కళ్ళు తడయ్యాయి. "ఏడే. అందరికీ ఏడే."

ఏడుకి పది నిమిషాలుండగా ఎనైదా భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఒక్కొక్కరే వచ్చారు. ఏడైంది. ఏడూ అయిదైంది. ప్రోవి కుర్చీ ఖాళీగానే ఉంది. లిఫ్టు దగ్గర కనిపించిన ప్రతివాళ్ళనీ నిలబెట్టి చెప్తోందట, మా చెల్లెలు లేకపోతే ఏమయ్యేదో, పది డాలర్ల వాచీతో మమ్మల్ని ఎలా లాక్కొచ్చిందో. నిల్సా వస్తూ చూసింది. ఏడూ పన్నెండుకి ప్రోవి హడావుడిగా వచ్చింది, కొత్త వాచీ చూసుకుంటూ, నాలుక కరుచుకుంటూ.

ఎనైదా ఫోర్కు పక్కన పెట్టి, పక్క కుర్చీ లాగింది.

"వచ్చావా తల్లీ," అంది, "నీ కోసమే చూస్తున్నాం."