గుడ్డ కింద యాభై

నాకు కుదురుగా కూర్చోవడం పుట్టుకతోనే రాలేదు. కాలు గాలిన పిల్లి అని మా అమ్మ మస్తాన్‌బీ నన్ను తిట్టేది. అది తిట్టు కాదు, ఉన్న మాట. 1978లో బీకాం, అందులోనూ మార్కెటింగ్ ప్రత్యేక సబ్జెక్టుగా, సెకండ్ క్లాసులో పాసయ్యాక ఎనిమిది నెలలు మా ఊరు పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య రైల్లో తిరిగాను. ధర్మవరం చీరల షాపుల వాళ్ళు నా సర్టిఫికెట్టు చూసి, "పట్టు చేత్తో పట్టుకోని మంచీ చెడ్డా చెప్తావా?" అని అడిగేవారు. చెప్పలేను. అంతటితో సరి.

చివరికి హిందూపురంలో చింతపండు మండీ నడిపే రామాంజనేయులు నన్ను రమ్మన్నాడు. రైతులు తెచ్చే పండు కొని బెంగళూరుకు పంపడం ఆయన వ్యాపారం. నెల రోజులు చూస్తాననీ, నా చేయి తిరిగితే ఉద్యోగం ఖాయమనీ అన్నాడు. మా ఖాదర్‌వలికి ఉద్యోగమొచ్చిందని మా అమ్మ అప్పుడే వీధంతా చెప్పేసింది.

ఆ మండీలో ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని, చేతుల మీద తువ్వాలు కప్పుకొని, వేళ్ళు పట్టి బేరమాడతారు. ధరలో వందలెన్నో అందరికీ ముందే తెలుసు, వేళ్ళు చెప్పేది ఆ పైన పదులే. ఒక వేలు పడితే పది, రెండు పడితే ఇరవై, చేయంతా పడితే యాభై. బేరం తెగాక తువ్వాలు తీసి, కొన్నవాడు యజమానికి ధర చెప్తాడు. సాక్షి ఉండడు, కొన్నవాడి మాటే మాట. మూడేళ్ళు గిరాకీ గీతలూ సరఫరా గీతలూ గీసి వచ్చినవాణ్ణి, నాకు నవ్వొచ్చింది. మూడు వారాలు పక్కన కూర్చుని చూడమన్నాడు రామాంజనేయులు. ఆ మూడు వారాల్లో నా మోకాలు ఒక్క క్షణం ఊగకుండా ఉంటే ఒట్టు.

"ఏమప్పా, ఆ కాలు ఆపితే గదా చేయి కుదురేది. నిదానమే ప్రధానం" అనేవాడు ఆయన. ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారు గదా అని నేను లోపల గొణుక్కునేవాణ్ణి.

నాలుగో వారం తువ్వాలు నా చేతికిచ్చాడు. ఎర్రమంచి నుంచి చౌడక్క అనే ఆమె పది మూటల పండు తెచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, గట్టి మనిషి. "క్వింటాలు మూడువందల ఇరవై దాటొద్దు" అని రామాంజనేయులు నా చెవిలో చెప్పి లోపలికి పోయాడు.

ఒక వేలు పట్టాను. విదిలించింది. రెండు పట్టాను. అవుననలేదు, కాదనలేదు. నా వేళ్ళు అట్లాగే ఉంచుకొని, అవతల గింజలు తీసే ఆడవాళ్ళను చూస్తూ కూర్చుంది. ఎంతసేపు! చెమటకు తువ్వాలు తడిసింది. పక్కన రెండు బేరాలు తెగాయి, వాళ్ళు లేచి పోయారు, వేరేవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఇక నా వల్ల కాలేదు. ముప్పయ్యా కాదు, నలభయ్యా కాదు, ఆమె చేయంతా గట్టిగా పట్టేశాను.

చౌడక్క నా ముఖంలోకి చూసింది. "ఖాయమేనా అబ్బీ?" అంది. ఎట్లో ఒకట్ల ముగిస్తే చాలని తల ఊపేశాను. ఆమె తువ్వాలు తీసింది. అప్పుడు తెలిసొచ్చింది నేను చేసిన పని.

"ఎంతకు తెగిందప్పా?" రామాంజనేయులు గడపలో నిలబడి అడిగాడు.

చౌడక్క మూటల తాళ్ళు విప్పుకుంటోంది. మా వైపు చూడనైనా లేదు. అంత నమ్మకం చూస్తే నాకు ఒళ్ళు మండింది. యాభై అంటే ఉద్యోగం పోతుంది. మా అమ్మ వీధిలో తలెత్తుకోలేదు. మళ్ళీ ఆ రైలు, ఆ తిరుగుడు.

"ఇరవై" అన్నాను.

తాడు విప్పే చేయి ఆగింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండునని కూడా అనిపించింది.

"ఆ అబ్బి ఎంతంటే అంతేనప్పా" అని రామాంజనేయులుతో అని, ఆమె మళ్ళీ తాడు విప్పుకుంది.

ఆయన నా భుజం తట్టి ఒకటో తారీకు నుంచి జీతం అన్నాడు. మా అమ్మ బాబయ్య దర్గాలో చక్కెర మీద ఫాతెహా చదివించి వీధిలో పంచింది. నా వంతు నేను పక్కింటి పిల్లాడి చేతిలో పోశాను.

తర్వాతి సంత నాడు తువ్వాలు పరుచుకొని కూర్చున్నాను. రైతులు వచ్చారు, "బాగుండావా అబ్బా" అని పలకరించారు, పోయి పక్కవాడి ముందు కూర్చున్నారు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. చౌడక్క ఎవరితో ఏమందో గానీ, మధ్యాహ్నం దాకా ఒక్క చేయి నా తువ్వాలు కిందికి రాలేదు. రామాంజనేయులు లోపలి నుంచి అంతా చూశాడు. చివరికి తానే వచ్చి నా ఎదుట కూర్చుని, తువ్వాలు కింద చేయి పెట్టాడు.

"ఆ పొద్దు ఆయమ్మ చేయి ఎట్ల పట్టినావో అట్ల పట్టు."

చేయంతా పట్టాను.

"నీ చదువుకు నేను వంక పెట్టనప్పా. నీ చేతిని నమ్మేటోళ్ళు ఈడ ల్యాకపోతే నేనేం చేసేది?" అని తువ్వాలు మడిచి తన భుజాన వేసుకున్నాడు. చౌడక్కకు తగ్గిన డబ్బు ఇచ్చి వస్తానని నేనే అడిగాను. ఆ ఒక్కదానికి నన్ను నమ్మి డబ్బు నా చేతికిచ్చాడు.

ఎర్రమంచిలో చౌడక్క ఇంటి ముందు పండు ఎండబెడుతోంది. డబ్బు తీసుకొని కొంగున కట్టుకుంది.

"నువ్వు అట్ల పట్టినప్పుడే తెల్సబ్బీ నాకు, తొందరలో పట్టినావని" అంది. "అందుకే గదా ఖాయమేనా అని అడిగింది. తప్పయిందక్కా, ఇడ్సిపెట్టు అనింటే ఇడ్సిపెట్టి పోతాంటి. ఇంగ రోంతసేపు ఊరకుండింటే, ఇరవైకే సరే అందామనుకుంటి నేను."

సిగ్గుతో ఏడుపొచ్చింది. డిగ్రీ చేతికొచ్చిన ఏడాదిలోపే, ఆమె ముందు నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.