సర్వీసుకిచ్చిన వాచీ

ఆమె పళ్ళు చేస్తుంది. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపితే, ప్లాస్టరుతో దవడలు పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కొక్క పన్నూ అమర్చి పంపే లాబ్‌లో ఇరవై ఆరేళ్ళుగా పని. అక్కడ అందరూ పళ్ళక్కయ్య అంటారు. కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చుందంటే పక్కన పిడుగు పడినా తల తిప్పదని పేరు.

లాబ్ పక్కన వాచీలు బాగుచేసే దుకాణం ఉంది. ఒకరోజు మధ్యాహ్నం భూతద్దం స్క్రూ ఊడితే బిగించమని అక్కడికి వెళ్ళింది. మెకానిక్ కంటికీ అలాంటి అద్దమే ఉంది.

"ఒక్కసారి ఇది చూడండక్కా" అని తన ముందున్న వాచీని జరిపాడు. వెనక మూత తీసి ఉంది. వెంట్రుకంత స్ప్రింగు ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. చిన్న చిన్న చక్రాల అంచులన్నిటికీ చేత్తో పెట్టిన మెరుగు ఉంది. మూత వేసేస్తే ఎవరికీ కనిపించని చోట ఎవరో రోజుల తరబడి కూర్చుని వాటిని నునుపు చేశారని ఆమెకు వెంటనే అర్థమైంది. తను చేసేదీ అదే. కట్టుడు పళ్ళకు లోపలి వైపు, నాలుక తప్ప ఎవరూ తాకని చోట, గంటలకు గంటలు నునుపు పెడుతుంది.

"ఇలాంటిది ఎంతుంటుంది?"

అతను చెప్పాడు. ఆమె నవ్వి లేచొచ్చేసింది. కానీ ఆ స్ప్రింగు కళ్ళలోంచి పోలేదు. ఆ తర్వాత మూడేళ్ళు ఆదివారాలు కూడా పనికి వెళ్ళింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

కొనడానికి వెళ్ళిన షాపు చల్లగా ఉంది, తోలు వాసన వేస్తోంది. కౌంటరు వెనకున్న అమ్మాయి ఆమెను చూసి, ఆమె వెనక తలుపు వైపు చూసింది.

"సారు కారు పెట్టి వస్తున్నారాండీ?"

"లేదమ్మా, నేనొక్కదాన్నే."

"గిఫ్టా? అయితే సారు మణికట్టు కొలత కావాలండీ."

ఆమె తన చెయ్యి కౌంటరు మీద పెట్టింది. గోళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని, చిగుళ్ళకు వాడే గులాబి రంగు పొడి. ఆ అమ్మాయి చూపు దాని మీదే ఆగిపోయింది. డబ్బు కట్టడానికి బాంకు డ్రాఫ్టు బయటికి తీశాక కుర్చీ వచ్చింది, కాఫీ వచ్చింది, మేడం అన్న పిలుపూ వచ్చింది. అయినా ఆమె చెయ్యి తీయగానే ఆ అమ్మాయి మెత్తటి గుడ్డ తెచ్చి ఆ చోటు తుడిచింది. ఆమె చూస్తూ ఉండగానే తుడిచింది.

స్టీలు వాచీ, తెల్లటి ముఖం, నల్ల తోలు పట్టీ, లోపలి యంత్రం కనిపించేలా వెనక అద్దం. ఆమె చెయ్యి సన్నం కాబట్టి పట్టీ వదులైంది. మళ్ళీ ఆ షాపుకి వెళ్ళాలనిపించలేదు. లాబ్ పక్క దుకాణం మెకానిక్కే ఇంకో రెండు బెజ్జాలు పొడిచాడు. రెండోది కాస్త పక్కకి పోయింది.

"చెయ్యి జారిందక్కా. పట్టీ మార్చేస్తా."

"వద్దులే, ఉండనీ."

లాబ్‌లో ప్లాస్టరు, పొడి, నీళ్ళు. అందుకని తలుపు దగ్గరే వాచీ తీసి డబ్బాలో పెట్టి, డబ్బాను సొరుగులో పెట్టేది. నిజానికి అది చేతికుండేది పొద్దున ఇంట్లోను, రెండు పూటలా బస్సులోను. రోజూ లేవగానే ముప్పై చుట్లు తాళం తిప్పి చెవి దగ్గర పెట్టుకునేది. ఆమెకు అది చాలు.

భర్త ఒక పెద్ద ఆఫీసులో సెక్షన్ సూపరింటెండెంటు. ఇంకో ఏడాదిన్నరలో రిటైరవుతాడు. ఆయనకు ప్రాణం లాంటిది ఒకటే ఉంది, తండ్రి వాడిన పాత ఫిల్ము కెమెరా. ప్రతి ఆదివారం తోలు సంచిలోంచి తీసి, లెన్సు తుడిచి, మళ్ళీ లోపల పెట్టేవాడు. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆమె ముట్టుకోబోతే "నీ చేతులకి ప్లాస్టరుంటుంది, వద్దు" అన్నాడు. మళ్ళీ ముట్టుకోలేదు.

వాచీ చూసి ఆయన ముందు నవ్వాడు. "మగాళ్ళ వాచీలా ఉంది. ఫోన్లో టైము కనబడట్లేదా నీకు?" ధర విన్నాక రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయన తోటి ఉద్యోగి ఇంటికి భోజనానికి వెళ్ళారు. ఆ ఇంటావిడ వాచీ చూసి చెయ్యి పట్టుకుంది. ఆమె నోరు తెరిచేలోగా భర్త అందుకున్నాడు.

"నేనే కొనిచ్చాను. ఏదో సరదా పడింది, కాదనలేకపోయాను."

"అదృష్టవంతురాలివి వదినా. మా ఆయన గోడకి కూడా గడియారం కొనడు" అంది ఆ ఇంటావిడ. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

తిరుగు బస్సులో అడిగింది, "మీరెప్పుడు కొన్నారు?"

"నువ్వు కొనుక్కున్నావంటే నలుగురూ నన్నేమనుకుంటారు? చవట మొగుడు అనుకోరూ?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

ఏడాది తిరగబోతుండగా, ఒకరోజు పనికి బయల్దేరేటప్పుడు వాచీ కనబడలేదు. సాయంత్రం ఆయన మామూలుగా చెప్పాడు. "అలాంటి వాచీలకి ఏడాదికోసారి సర్వీసు చేయించాలిట. పొద్దున నువ్వు స్నానానికెళ్ళినప్పుడు తీసుకెళ్ళి కంపెనీకిచ్చేశా. పెట్టె, కాగితాలు అన్నీ అడిగారు, అవీ ఇచ్చా. ఆరు వారాలు పడుతుందిట."

తనను అడక్కుండా ముట్టుకున్నాడని ముందు కోపం వచ్చింది. తర్వాత మరోలా అనిపించింది. ఇన్నేళ్ళలో తన వస్తువు ఒకదాని గురించి ఈయన తనంతట తానే పట్టించుకోవడం ఇదే మొదటిసారి. ఆ పూట ఆయనకిష్టమైన కూర చేసింది.

ఆరు వారాలు ఎనిమిదయ్యాయి. "పై దేశం నుంచి ఏదో పార్టు రావాలిట" అన్నాడు. ఆయన కూడా అప్పట్లో హడావిడిగానే ఉన్నాడు. ఉద్యోగం ఇంకో రెండేళ్ళు పొడిగించమని పైఅధికారికి అర్జీ పెట్టుకున్నాడు.

ఒకరోజు పదకొండు గంటలకు డాక్టరు ఒక పేషెంటును లాబ్‌కి పంపాడు. ముందు పళ్ళు నాలుగు పెట్టాలి. మిగతా పళ్ళతో రంగు కలవాలంటే పగటి వెలుతురులో, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చూడాలి. పెద్దమనిషి, బాగా పెద్ద ఉద్యోగి, ఖరీదైన చొక్కా. ఆమె ఆయన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి చేతికి అద్దం ఇచ్చింది. ఆయన అద్దం ఎత్తాడు. చొక్కా చెయ్యి జారింది.

తెల్లటి ముఖం, నల్ల పట్టీ. లావు మణికట్టు కాబట్టి పట్టీ చివరి బెజ్జంలో ఉంది. మిగతా బెజ్జాలన్నీ బయటికి కనిపిస్తున్నాయి. వాటిలో రెండు చేత్తో పొడిచినవి. రెండోది కాస్త పక్కకి పోయింది.

ఆమె రంగు పోల్చి చూసే నమూనా పళ్ళ వరస చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

"వాచీ బాగుందండీ" అంది చివరికి.

"మీకూ కన్నుందే" అన్నాడాయన. "మా ఆఫీసులో ఒక గుమాస్తా ఇచ్చాడు. రిటైరైపోతున్నాడు, రెండేళ్ళు పొడిగించమని నా వెంట పడుతున్నాడు."

"అంత మంచి వాచీ ఎలా ఇచ్చేశాడండీ?"

"వాళ్ళావిడ కొనుక్కుందిట. ఏదో మట్టిపని చేస్తుందిట, చేతులెప్పుడూ పిండిలో ముంచినట్టుంటాయిట. అలాంటిదానికి ఇదెందుకు సార్, మీ చేతికైతే అందం అన్నాడు." ఆయన నవ్వాడు. పళ్ళు లేని చోట నాలుక కనిపించింది.

"పొడిగిస్తారా మరి?"

"ఎక్కడండీ. ఆ సీట్లోకి వేరే మనిషిని వేసి నెలైంది. ఆర్డరు నా సొరుగులోనే ఉంది. తిరుగుతున్నాడు, తిరగనీ. నేనేమన్నా అడిగానా ఇమ్మని?"

"నోరు తెరవండి" అంది ఆమె.

రంగు సరిచూసింది. కాగితం మీద నంబరు రాసుకుంది. ఆయన వెళ్ళాక చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. రుద్దడం మానాక చూస్తే వేళ్ళు ఎర్రబడ్డాయి.

ఆ నాలుగు పళ్ళూ ఆమే చేసింది. ఒక్క పన్ను వెంట్రుకవాసి ఎత్తు పెడితే చాలు, ఆ మనిషి జన్మలో హాయిగా తినలేడు. ఆ ఆలోచన వచ్చింది. కానీ చెయ్యి ఒప్పుకోలేదు. చక్కగా చేసి పంపింది. ఇవ్వాల్సిన శిక్ష ఆ నోటికి కాదు.

ఇంట్లో ఒక్క మాట అనలేదు. నాలుగు రోజుల తర్వాత భర్త చొక్కా ఇస్త్రీ చేస్తూ అడిగింది, "ఏమంటున్నారు మీ సారు?"

"ఇవాళో రేపో సంతకం పెడతారు."

"ఒట్టి చేతుల్తో అడుగుతున్నారా ఏంటి?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఏం ఇవ్వమంటావు?"

"మా లాబ్‌కొచ్చే డాక్టరు ఆయనకి స్నేహితుడట. పాత కెమెరాలంటే చెవి కోసుకుంటాడట మీ సారు."

అది ఆమె అప్పటికప్పుడు పుట్టించిన మాట. ఆ ఆదివారం కెమెరా తీసి రెండు గంటలు ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. ఆమె వంటింట్లోంచి చూస్తూనే ఉంది.

"నాన్న దీంతోనే అమ్మ ఫోటోలన్నీ తీశాడు" అన్నాడు.

"రెండేళ్ళ ఉద్యోగం కన్నా ఎక్కువా? మీ ఇష్టం. తర్వాత నన్ననొద్దు."

సోమవారం దాన్ని సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి లెన్సు ఇంకోసారి తుడిచాడు. ఆమె తలుపు పట్టుకుని నిలబడి, "బస్సు పోతుంది" అంది.

ఆఖరి రోజు వచ్చింది. ఆఫీసులో ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు నాలుగు మాటలు మాట్లాడి, చక్రాల సూట్‌కేసు ఒకటి ఇచ్చి పంపేశారు. ఆయన గదిలో అప్పటికే కొత్త మనిషి ఫైళ్ళు సర్దుకుంటున్నాడు. ఆయన సూట్‌కేసు ఈడ్చుకుంటూ ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు.

"ఆర్డరు మూడు నెలల కిందటే అయిపోయిందిట. నన్ను కుక్కలా తిప్పుకున్నాడు." తల దించుకుని అన్నాడు, "నీకో మాట చెప్పాలి. నీ వాచీ..."

"ఆయన చేతికుంది."

ఆయన తల ఎత్తాడు. "ఎవరు చెప్పారు?"

"ఆయనే చెప్పాడు. పళ్ళ రంగు చూపించుకోడానికి మా లాబ్‌కొచ్చాడు. మీ ఆర్డరు సంగతి కూడా చెప్పాడు. నా చేతుల సంగతి మీరు చెప్పింది కూడా."

"ఎప్పుడు?"

"మీరు కెమెరా ఇవ్వక ముందు."

ఆయన మంచం మీంచి లేచాడు.

"తెలిసీ... తెలిసి కూడా నా చేత ఇప్పించావా?"

"ఇప్పించాను."

ఆయన ఏడ్చాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఏడవడం ఆమె చూడలేదు. జాలి వస్తుందేమోనని కాసేపు నిలబడి చూసింది. రాలేదు. వెళ్ళి కంచం పెట్టుకుని తినేసింది. ఆయనకు కూడా వడ్డించి మూత పెట్టింది.

మర్నాడు పొద్దున ఆమె పనికి తయారై బ్యాగు భుజాన వేసుకునేసరికి ఆయన లుంగీతో ముందు గదిలో కూర్చుని ఉన్నాడు. పెట్టిన మూత తీయనే లేదు.

"గ్యాసు వాళ్ళు బండ తెస్తామన్నారు. ఇంట్లోనే ఉండండి" అంది చెప్పులు వేసుకుంటూ.

"ఎన్నింటికొస్తారు?"

"ఏమో. రోజంతా ఉండండి" అని తలుపు దగ్గరికి వేసి మెట్లు దిగింది.