లేవని దొరగారు

మా అత్తయ్య సూరమ్మకి మోకాళ్ళ నొప్పులు. సోఫాలో కూలబడితే లేపడానికి ఇద్దరం కావాలి. అందుకని ఈ దేశంకాని దేశంలో, బుకిట్ పంజాంగ్ అనే పేటలోని మా ఫ్లాట్‌లో ఫ్యాన్ కింద ఆవిడకంటూ ఎత్తైన చేతుల కుర్చీ ఒకటి వేశాం. ప్రతి ఆదివారం దాంట్లో వెంకటసుబ్బయ్యగారు కూర్చుంటారు.

ఆయన మా తెలుగు సంఘానికి పదకొండేళ్ళుగా అధ్యక్షుడు. "ఊరికే ఇలా వచ్చాను" అంటూ పొద్దున్నే దిగబడి, కాఫీలు తాగి, భోంచేసి, సాయంత్రం టీ కూడా అయితే గానీ కదలరు. అంతసేపూ అత్తయ్య ప్లాస్టిక్ స్టూలు మీద మోకాళ్ళు రుద్దుకుంటూ కూర్చుంటుంది. పెద్దమనిషిని లెమ్మని ఎవరంటారు? మా ఆయన అనడు. నేనూ అనను. ఇంతకీ నేను యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నది దేనిమీదనుకున్నారు? తెల్లదొరల మీద ఆఫ్రికా జనం తిరగబడిన నవలల మీద! నా మొహం మండ.

అంచేత సంఘం వార్షికోత్సవానికి నాటకం రాయమంటే ఆ కసంతా కాగితం మీద పెట్టాను. ఆఫ్రికాలో ఒక ఊరు. ఒక దొర ఒక్క రాత్రికని వచ్చి ఊరిపెద్ద కుర్చీలో కూర్చుంటాడు. ఏళ్ళు గడిచినా లేవడు. పన్నులు వేసేదీ అందులోంచే, కొరడా దెబ్బలు కొట్టించేదీ అందులోంచే. ఆ నవలలన్నీ చదివాక నాకు అర్థమైంది ఒకటే. తుపాకులు తర్వాత సంగతి, ముందు ఎవరో ఒకరు దొర ఎదురుగా నిలబడి నోరు విప్పాలి. నా నాటకంలో ఒక ముసలమ్మ వచ్చి "లే" అంటుంది. దొర లేచి పోతాడు. తెర పడుతుంది.

దొర వేషం తానే వేస్తానన్నారు అధ్యక్షులవారు. హాలు మాట్లాడింది ఆయనే, కాదనేదెవరు? ముసలమ్మ వేషానికి అత్తయ్యని బతిమాలాను. "అమ్మో, అంత పెద్దాయన్ని లే అనడమే! నాకు నోరు పెగల్దే" అంది. రిహార్సల్స్‌లో ప్రతిసారీ "కాస్త లేస్తారా బాబూ" అనేది. ఆయన సంబరపడిపోయి, "చూశావా, దొర వెళ్ళడం జనానికే ఇష్టం లేదు. ముగింపు మార్చమ్మా అరుణశ్రీ" అనేవారు. మార్చనంటే మార్చనన్నాను.

స్టేజీ మీదికి సరైన కుర్చీ దొరక్క, అత్తయ్య కుర్చీనే లిఫ్టులో దింపి కమ్యూనిటీ క్లబ్బుకి మోసుకెళ్ళాం.

చివరి సీను వచ్చింది. అత్తయ్య కర్ర పట్టుకుని దొర ముందు నిలబడింది. ఈసారి బాబూ లేదు, గీబూ లేదు, "లే" అంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆయన లేవలేదు. టోపీ సర్దుకుని, "కుర్చీ భలే సుఖంగా ఉందండీ" అన్నారు జనంతో. అక్కడితో ఆగారా? వచ్చినవాళ్ళకి ధన్యవాదాలు చెప్పారు. భోజనాల్లో గుత్తివంకాయ ఉందని ప్రకటించారు. వచ్చే ఏడాది కూడా తానే సేవ చేస్తానని హామీ ఇచ్చారు. ఈటెలు పట్టుకుని నిలబడ్డ తిరుగుబాటుదారులంతా సంఘం కమిటీవాళ్ళే కదా, అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. ఒకడైతే ఈటె పక్కన పెట్టి, శాలువా తెచ్చి దొరకి కప్పాడు! ఓరి మీ దుంపతెగ! నేను తెర పక్కన జుట్టు పీక్కుంటున్నాను.

"లే" అంది అత్తయ్య మళ్ళీ. ఆయన ఫొటోకి నవ్వుతున్నారు. ఆవిడ మోకాళ్ళు ఇక ఆగలేదు. కర్ర పక్కన పడేసి, వెనక్కి తిరిగి, చీర సర్దుకుని, తన కుర్చీలో తను కూర్చుంది. ఆయన ఒళ్ళో.

"బాబోయ్!" అని కిందనుంచి కేక. శాలువా ఒకవైపు, టోపీ ఒకవైపు, దొరగారు పక్కకి జారి ఎలాగో బయటపడ్డారు. హాలంతా గొల్లుమంది. అత్తయ్య మాత్రం నవ్వలేదు.

"నా కుర్చీ నాయనా. ఎన్నాళ్ళని స్టూలు మీద కూర్చోను?" అంది. అది నేను రాసిన మాట కాదు.

తర్వాతి ఆదివారం బెల్లు మోగింది. ఆయనే! తిన్నగా ఫ్యాన్ కిందికి నడిచి, కుర్చీ ముందు ఆగిపోయారు. అందులో కూర్చున్న అత్తయ్య కదల్లేదు. "రండి బాబూ" అని స్టూలు చూపించింది. కూర్చున్నారు.

"అమ్మాయ్, కాఫీ" అన్నారు నాతో. నేను పుస్తకం మూసి లేవబోయాను.

"నువ్వు చదువుకోవే" అంది అత్తయ్య. "వంటిల్లు అటు బాబూ."

ఆయన వెళ్ళారు. గిన్నెల చప్పుడైంది. కాసేపటికి లోపల్నుంచి, "పంచదార ఎక్కడమ్మా?" అని వినిపించింది.

నేనూ అత్తయ్యా మొహాలు చూసుకున్నాం. ఇద్దరమూ చెప్పలేదు.