సోమవారం ఆపరేషన్

"సోమవారం నీకు ఆపరేషన్. గర్భసంచి తీసేస్తారంట. ఆ పప్పు ఇలా తే," అన్నాడు గణేష్‌బాబు, కంచంలోంచి తలెత్తకుండానే.

సూర్యకళ చేతిలో గరిటె ఆగిపోయింది. పొద్దున స్కానింగ్ అయ్యాక డాక్టరమ్మ గారు, "నువ్వు బయట కూర్చోమ్మా, మీ ఆయన్ని పిలు," అన్నారు. కూర్చుంది. సంచి తనది, సంగతి ఆయనకి!

"తియ్యక తప్పదన్నారా? మందులకి తగ్గదా? సోమవారమే ఎందుకండీ?"

"అవన్నీ నీకెందుకు? ఆదివారం నిడదవోలు నించి అక్కయ్యొస్తుంది, వంటకి ఇబ్బందుండదు. ఊడ్పులు మొదలైతే ఎరువుల కొట్లో నాకు ఊపిరి సలపదు."

"ఇద్దరు పిల్లలు పుట్టేశారు, ఇంక దాంతో పనేంటే? నాకూ తీసేశారు, నేను చచ్చానా?" అంది వాకిట్లోంచి అత్తగారు.

పప్పు వడ్డించింది. వడ్డించినందుకు తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది. ఊళ్ళు తిరిగి రోగులకీ ఆస్పత్రి వాళ్ళకీ చట్టమిచ్చిన హక్కులు చెప్పడం తన ఉద్యోగం. "మా లాయరమ్మ" అని కొట్లో అందరి ముందూ నవ్వుతాడు ఈయన. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. తను రచ్చలో గొంతు చించుకుని, ఇంటికొచ్చి గరిటె పట్టుకుంటోంది.

మర్నాడు రామచంద్రపురం పక్క ఊళ్ళో మీటింగు. "కోపమొచ్చిందని నర్సు మీద చెయ్యి చేసుకుంటే జైలుకెళ్తారు. అలాగే మీ ఒంటికేమైందో డాక్టర్లు మీకే చెప్పాలి. మీరు ఒప్పుకుంటేనే కత్తి పెట్టాలి," అంది సూర్యకళ.

ముందు వరసలో రత్తమ్మ పకపకా నవ్వింది. "మాకెవరు చెబుతారండీ? నాకు సంచి తీసేసిన సంగతి ఇంటికొచ్చాకే తెలిసింది. మీబోటి చదువుకున్నోళ్ళకైతే చెబుతారు గానీ!"

అందరూ నవ్వారు. సూర్యకళకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంట రత్తమ్మ మీద కాదు. ఇంటికొచ్చే దారంతా బస్సులో కిటికీ ఊచ పట్టుకునే కూర్చుంది.

సోమవారం ఆస్పత్రిలో నర్సు తలుపు తీసి, "గణేష్‌బాబు గారూ, డాక్టరమ్మ గారు పిలుస్తున్నారండీ," అంది.

చొక్కా సర్దుకుంటూ లేచాడాయన. సూర్యకళ అడ్డంగా నిలబడింది.

"మీరు బయట కూర్చోండి."

"ఏంటే, అందరూ చూస్తున్నారు!"

"చూడనివ్వండి."

లోపలికెళ్ళి, డాక్టరమ్మ ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాకేమైందో మొదట్నుంచీ నాతో చెప్పండి. తియ్యాలో వద్దో విన్నాక నేను చెబుతాను," అంది.

డాక్టరమ్మ తలుపు వైపు చూసింది. సూర్యకళ లేచి వెళ్ళి, ఆ తలుపు వేసి వచ్చింది.