రెండు చేతులూ కనపడే ఫోను

ఆదివారం ఉదయం ఒక ఫోన్ల దుకాణంలోకి ముగ్గురు వచ్చారు. ముందు నడుస్తున్నాయన లారీల మెకానిక్కు. వెనక ఆయన భార్య, వీధి వీధంతా దర్జీ అక్క అని పిలిచే మనిషి. ఆమె చెయ్యి పట్టుకుని ఆమె చెల్లెలు, నలభై దాటినా ఇంట్లో ఇంకా చిట్టిగానే మిగిలిపోయిన మనిషి. ముగ్గురూ శుభ్రంగా ఉతికిన బట్టలు కట్టుకున్నారు. చూసేవాళ్లకి అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. అక్క తన చెల్లెలికి మంచి ఫోను కొనిపెట్టాలని వచ్చింది, అంతే. అయినా కాసేపట్లో ఆ దుకాణంలో ఒక మనిషికి అన్యాయం జరిగింది. చేసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. ప్రాణంగా చూసుకునేవాళ్లే. అందుకే ఈ సంగతి నలుగురికీ చెప్పవలసి వస్తోంది.

అది ఒకే కంపెనీ ఫోన్లు అమ్మే చోటు. గాజు బల్లల మీద ఫోన్లన్నీ వరసగా పడుకుని ఉన్నాయి. ఎవరూ ఎత్తుకుపోకుండా ఒక్కోదానికీ తోకలాగా ఒక తీగ. ఆ కంపెనీ తప్ప ఇంకోటి వద్దని మెకానిక్కు పట్టు. ఆయన ఫోను ఒకసారి మురికి నూనె తొట్టిలో పడి, తీసి తుడిచాక మళ్లీ మోగింది. ఆ రోజునుంచి ఆయన ఆ కంపెనీ గురించి సొంత తమ్ముడి గురించి చెప్పినట్టు చెబుతాడు.

"ఫోన్ ఎవరికండీ?" అంది అమ్మకాల అమ్మాయి.

"మా చెల్లికమ్మా."

అమ్మాయి చిట్టివైపు తిరిగి నవ్వింది. చిట్టి ఏదో చెప్పబోతూ రెండు చేతులూ పైకెత్తింది. అమ్మాయి తికమకపడింది.

"దానికి వినపడదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి పోయింది. నాతో చెప్పు, నేను దానికి చెబుతా," అంది అక్క.

ఆ మాటతో అమ్మాయి చూపు అక్క మీదికి మళ్లింది. మళ్లీ చిట్టివైపు రాలేదు. ఎత్తిన చేతులు కాసేపు గాలిలో ఉండి కిందికి దిగాయి.

ఆ అక్కచెల్లెళ్లకి ఒక భాష ఉంది. ఏ బళ్లోనూ నేర్పింది కాదు. ఒకే పక్క మీద పడుకున్న ఇద్దరు పిల్లలు కల్పించుకున్నది. బొటనవేలితో సూదిని నెట్టినట్టు చేస్తే అక్క. మీసం దువ్వితే బావ. ఆయన మీసం తీసేసి ఏళ్లయినా ఆ భాషలో ఇంకా మీసంతోనే తిరుగుతున్నాడు. రెండు అరచేతులూ పిండి పొంగినట్టు మెల్లగా పైకి లేస్తే సంతోషం. దాదాపు ప్రతి మాటకీ రెండు చేతులూ కావాలి, ముఖమంతా కావాలి. చిట్టికి చదువు అబ్బలేదు. తన పేరు, బస్సు నంబరు, అంతవరకే. కాబట్టి సందేశాలు రాసుకునే దారి వాళ్లకి లేదు.

ఇప్పుడు ఆ ఇద్దరూ విడిపోబోతున్నారు. మెకానిక్కు పనిచేసే షెడ్డు మూతపడింది. ఒక పగలంతా ప్రయాణం చేస్తే వచ్చే రేవు ఊళ్లో ఆయనకి పని దొరికింది. చిట్టి మాత్రం రానంది. ఆమె బేకరీలో పని చేస్తుంది. తెల్లవారుతూనే పిండి కలిపి, పొయ్యి దగ్గర నిలబడి, వాసన పట్టి రొట్టె ఎప్పుడు తియ్యాలో చెబుతుంది. బేకరీ పైనున్న గదిలో ఉంటానంది.

ఆ మాట విన్ననాటినుంచి అక్కకి కంటిమీద కునుకు లేదు. కుడుతున్న చొక్కాకి చేతులు తిరగేసి వేసి మళ్లీ విప్పింది. తల్లి పోయినప్పుడూ ఇల్లు మారినప్పుడూ చిట్టి పక్కనే ఉంది. పక్కన లేని చిట్టి ఎలా ఉంటుందో ఆమె ఊహకి అందలేదు. కొత్త ఊళ్లో చేతులతో మాట్లాడేవాళ్లు ఎవరుంటారు? తన చేతులే మూగవైపోతాయి కదా అనుకుంది.

"ఫోను ఉందిగా. రోజూ ఎదురుగా కూర్చున్నట్టే కనపడుతుంది," అన్నాడు మెకానిక్కు.

ఆ క్షణం నుంచి ఎడబాటు బరువంతా పోయి ఆ కొనబోయే ఫోను మీద పడింది. అది సరైనదైతే చెల్లెలు ఉంటుంది. కాకపోతే ఉండీ లేనట్టే.

"ఇది చిన్నదండీ, ఇది మధ్యరకం, ఇది ప్లస్, ఇది ప్రో," అని చూపించింది అమ్మాయి.

"ప్రో అంటే?"

"అన్నిటికంటే పైదండి, సార్."

"అన్నిటికంటే మంచిదేనా?" అంది అక్క.

"దీని తర్వాతేనండీ ఏదైనా. వెనక మూడు కెమెరాలు. చందమామ మీద గుంటలు కూడా స్పష్టంగా పడతాయి."

"చందమామతో మాకేం పనమ్మా, మా మరదలు పడితే చాలు," అన్నాడు మెకానిక్కు. తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు.

"ఆవిడకి ఏ రంగు ఇష్టం మేడమ్?"

"నీలం," అంది అక్క, పక్కకి తిరగకుండానే.

చిట్టి ఆమె భుజం తట్టింది. అక్క అరచెయ్యి చూపించింది. ఉండు, నేను మాట్లాడుతున్నాగా అని. చిట్టి మళ్లీ తట్టింది. మళ్లీ అదే అరచెయ్యి.

చిట్టి ఇక బల్ల వెంట తనంతట తాను బయలుదేరింది. పడుకున్న ఫోన్లని ఒక్కొక్కటే లేపి అంచు మీద నిలబెట్టడం మొదలుపెట్టింది. చిన్నది ఊగి వాలిపోయింది. మధ్యరకం నిలబడింది. ప్లస్సు పక్కకి ఒరిగింది. ప్రో అంచులు నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. అది నిలబడినట్టే నిలబడి, జారి బల్ల దిగిపోయింది. తోక ఉండబట్టి గాలిలో వేలాడింది గాని లేకపోతే నేలమీదే.

దుకాణంలో ఉన్నవాళ్లంతా ఇటు చూశారు.

"అయ్యో మేడమ్! ఆవిడకి కాస్త చెప్పండి, ప్లీజ్!"

"మా మరదలు వాటిచేత కవాతు చేయిస్తోంది," అని మెకానిక్కు మళ్లీ నవ్వబోయాడు గాని ఈసారి ఎవరూ కలవలేదు.

అక్కకి తల కొట్టేసినట్టయింది. గబగబా వెళ్లి చెల్లెలి మణికట్లు రెండూ గట్టిగా పట్టుకుంది.

"ఏమనుకోకమ్మా. ఏదో ఆడుకుంటోంది."

చదివేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. చేతులతో మాట్లాడే మనిషి చేతులు పట్టుకోవడమంటే ఏమిటి? నోటితో మాట్లాడే మనిషి నోరు నలుగురిలో అరచేత్తో మూసెయ్యడమే. చెల్లెల్ని ఎవరైనా ఒక్క మాటంటే వీధిలోకి దిగి పోట్లాడే ఆ అక్కే ఈ పని చేసింది. చేస్తున్నట్టు ఆమెకి తెలియనైనా తెలియదు.

చిట్టి పెనుగులాడలేదు. అక్క వదలగానే చేతులు రెండూ చంకల కింద దోపుకుని నిలబడింది. అలిగింది, ఇంటికెళ్లాక సర్దుకుంటుంది అనుకుంది అక్క.

"బిల్లు వెయ్యనా సార్?"

"వేసెయ్యమ్మా. ప్రో, నీలం రంగు."

"ఒక్కసారి మాట్లాడి చూస్తామండీ," అంది అక్క. ఎందుకో ఆమె గుండెలో ఒక ముల్లు కదులుతూనే ఉంది.

అమ్మాయి ప్రో తీగ విప్పి చిట్టి చేతికిచ్చింది. ఇంకోటి అక్క చేతిలో పెట్టి, గాజు తలుపు అవతల రిపేర్ల గదిలోకి పంపింది. అక్క ఒక బెంచీ చివర కూర్చుని తెర వైపు చూసింది. ముందు పైకప్పు దీపం కనపడింది. తర్వాత చిట్టి గడ్డం. తర్వాత ఒక చెయ్యి. ఆ చెయ్యి 'అక్కా' అంది. ఆ తర్వాత అన్న మాట సగమే వచ్చింది. రెండో సగం చెప్పవలసిన చెయ్యి ఫోను పట్టుకుని ఉంది. పెద్ద ఫోను కావడంతో బరువుకి తెర వణికింది. ముఖం జారింది. ఒంటి చెయ్యి తడబడి, మొదటికొచ్చి, మళ్లీ తడబడింది. తన చెల్లెలికి నత్తి వచ్చినట్టుంది. ఇన్నేళ్లలో అక్క ఆమె మాట అర్థం చేసుకోలేకపోవడం అదే మొదలు.

"ఉండు, నేను పట్టుకుంటాలే," అన్న మెకానిక్కు గొంతు తెరలోంచి వినపడింది. ఫోను వెనక్కి జరిగింది. చిట్టి నడుము వరకూ, రెండు చేతులతో సహా నిండుగా కనపడింది. "ఇప్పుడు చూడవే, ఎంత బావుందో!"

చిట్టి మీసం దువ్వి చూపించింది. తర్వాత తెరలోని అక్కని చూపించి, రెండు వేళ్లని దూరంగా, దూరంగా నడిపించింది. ఆ తర్వాత ఖాళీ అరచేతులు చాపింది.

బావ నీతో వచ్చేస్తున్నాడుగా, అప్పుడు ఎవరు పట్టుకుంటారు?

ఫోను పట్టుకుని ముసిముసిగా నవ్వుతున్న మెకానిక్కుకి అది అర్థం కాలేదు. అక్కకి మాత్రం అర్థమైంది. ఆమె లేచి, తలుపు తోసుకుని వచ్చి చెల్లెలి ఎదురుగా నిలబడింది. ఏం కావాలి నీకు, అని చేతులతో అడిగింది. టీ కావాలా, దుప్పటి కావాలా అని రోజూ అడిగే మాటే అది. కాని దాని చివర ఏదీ తగిలించకుండా, ఊరికే అడిగి ఊరుకోవడం ఆమెకి చాలా కొత్తగా ఉంది.

 చిట్టి అక్క చెయ్యి పట్టుకుని మధ్యరకం ఫోను దగ్గరికి తీసుకెళ్లి, దాన్ని మోగించమని అమ్మాయికి సైగ చేసింది. అక్క అరచేతిని గాజు బల్లకి ఆనించింది. ఫోను మోగింది. బల్లంతా పక్కనుంచి లారీ పోయినట్టు అదిరింది.

"అది కొంచెం మోటురకం వైబ్రేషనండీ. చాలామంది చిరాకు పడతారు," అంది అమ్మాయి.

చిట్టి ఫోనుని దాని చదునైన అంచు మీద నిలబెట్టింది. నాలుగడుగులు వెనక్కి వేసింది. తెరలో రెండు చేతులూ, ముఖమూ సరిగ్గా పట్టాయి. అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఏమంటోంది?" అన్నాడు మెకానిక్కు.

'ఇది నచ్చిందట' అన్న మాట అక్క నాలుక చివరికి వచ్చేసింది. అది అబద్ధమూ కాదు. ఇన్నేళ్లూ అంత పొడవు మాటల్ని ఆమె అంత చిన్నగానే చేసి చెబుతూ వచ్చింది. ఈసారి నోరు మూసుకుంది. చెల్లెలి చేతుల్నే చూస్తూ, అవి ఎలా కదిలితే అలా చెప్పడం మొదలుపెట్టింది.

"'నేను ఆడుకోలేదు. ఏది తనంతట తాను నిలబడుతుందో చూశాను. మాట్లాడాలంటే నాకు రెండు చేతులూ కావాలి. పిండి కలిపే బల్ల మీద పెట్టుకుంటే, ఇది మోగినప్పుడు నా చేతికి తెలుస్తుంది.'"

చిట్టి ఆగలేదు. అక్కా ఆగలేదు. 

"'అక్క నా మాట చెప్పదు. తన మాట చెబుతుంది. నేను ఇక్కడే ఉంటానన్నది నాకు ఆ పొయ్యి పని ఇష్టమై. ఎన్నిసార్లో చెప్పాను. నేను అలిగి ఉండిపోతున్నానని మీతో చెప్పింది.'"

మెకానిక్కు భార్యవైపు తిరిగాడు. "అలగలేదా?"

"లేదటండీ."

"మరి నువ్వు నాతో..."

"అలిగిన మనిషైతే రేపో ఎల్లుండో మనసు మార్చుకుంటుంది కదండీ. మనతో వచ్చేస్తుంది కదా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అందుకని నేనే దాన్ని అలకగా మార్చుకున్నాను."

ఆయన చేతిలో ఉన్న ప్రోని తిరిగి బల్ల మీద పెట్టేశాడు. 

అమ్మకాల అమ్మాయి లోపలికెళ్లి మధ్యరకంలో ఉన్న రంగులన్నీ తెచ్చి బల్ల మీద పరిచింది. ఈసారి నేరుగా చిట్టి కళ్లలోకి చూసి, ఏది అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. చిట్టి ఎర్రదాని మీద వేలు పెట్టింది.

"నీలం కాదూ?" అంటూ అక్క చేతులు ఆశ్చర్యపోయాయి.

చిట్టి ముక్కు చిట్లించి ఏదో అంది.

"ఏమంటోంది?"

"నీలం ఇష్టం నాకట, దానికి కాదట," అంది అక్క. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి ఆమెకి. "ఇలాంటిదే నన్నూ కొనుక్కోమంటోంది. నాకూ రెండు చేతులున్నాయిగా అంటోంది."

ఆ నెలాఖరున వాళ్లు విడిపోయారు. బస్సు కదిలేటప్పుడు కిటికీ లోపలా, కిటికీ బయటా నాలుగు చేతులూ మలుపు తిరిగేదాకా మాట్లాడుతూనే ఉన్నాయి. ఆ నొప్పి ఏ ఫోనూ తీర్చేది కాదు. తీర్చిందని చెబితే అది కథ కోసం చెప్పిన మాటవుతుంది.

రేవు ఊళ్లో ఒక సాయంత్రం అక్క కుట్టుమిషను బల్ల మీద ఫోను నిలబెట్టుకుని చెల్లెలితో మాట్లాడుతోంది. రవిక కొలతలివ్వడానికి వచ్చిన పక్కింటావిడ తెరలోకి తొంగి చూసింది.

"మీ చెల్లెలా? పాపం, వినపడని మనిషి, ఒక్కతే ఎలా ఉంటోందో! బెంగపెట్టుకుందా?"

జవాబు అక్క దగ్గర సిద్ధంగానే ఉంది. ఆమె దాన్ని మింగేసి, కుర్చీ ఒకటి లాగి తెరకి ఎదురుగా వేసింది.

"కూర్చోండి. దాన్నే అడగండి. మీ మాట దానికి, దాని మాట మీకు ఉన్నదున్నట్టు చెబుతాను."

ఆవిడ మొహమాటంగా కూర్చుని, తెరలో చిట్టిని చూసి, "బావున్నావా అమ్మా?" అంది.

మనం ప్రేమించే మనిషికి ఏది మంచిదో మనకే తెలుసునని ఎంత గట్టిగా అనిపించినా, ముందు ఆ మనిషినే అడగాలి. వచ్చిన జవాబు మన గుండె కోసినా సరే, అందులో ఒక్క మాటైనా మార్చకుండా వినాలి.