ఆగకూడని ధార

నలభై ఒక్క ఏళ్ళుగా విల్లా క్రెస్పో పేటలో యూదు స్త్రీ ఎవరు పోయినా కడిగి సాగనంపినవి బ్లూమా చేతులే. ఆమెకు జోడు ఫెయ్‌గా. ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు. జీతం లేని పని, కడిగించుకున్నవాళ్ళు లేచి మెచ్చుకునే పనీ కాదు. వజ్రాల వ్యాపారి భార్య అయినా, బొత్తాలు కుట్టుకు బతికిన ముసలమ్మ అయినా అదే బల్ల, అదే తెల్ల నారబట్ట.

ఆ ఏడు అంత్యక్రియలు చూసే కమిటీవాళ్ళు కొత్త నియమం పెట్టారు. డెబ్బై అయిదు దాటినవాళ్ళు కడిగే గదిలో బరువులెత్తకూడదట, బీమావాళ్ళు ఒప్పుకోరట. ఆ మాట చెప్పడానికి పెద్దవాళ్ళ కార్యక్రమాలు చూసే కరీనా పూలు పట్టుకుని వచ్చింది. బ్లూమా దగ్గరే ఈ పని నేర్చుకున్న పిల్ల.

"అమ్మమ్మా, ఇన్నేళ్ళు చేశారు, చాలు. మీకోసం ఎన్ని పెట్టామో చూడండి. కుర్చీ డాన్సు, మట్టిబొమ్మలు, జ్ఞాపకశక్తి ఆటలు! ఈ వయసులో చురుగ్గా ఉండాలి కదా."

"చురుగ్గా తిరిగేదాన్ని కూర్చోబెట్టి, చురుగ్గా ఉండమని కుర్చీ వేస్తున్నావా తల్లీ?" అంది బ్లూమా. పూలు మాత్రం నీళ్ళలో పెట్టింది, పూలేం చేశాయి పాపం.

ఫెయ్‌గా ఆ డాన్సుకు ఒకసారి వెళ్ళొచ్చింది. "మూడో పాటకి నిద్రపోయానే. టీచరమ్మ నన్ను చూపించి, చూడండి ఎంత ప్రశాంతంగా ఉన్నారో అంది!" అని, నవ్వి నవ్వి తాగుతున్న మాతే ఆకుల కషాయం ఒలకబోసుకుంది. తర్వాత ఉన్నట్టుండి, "ఒసే, నేను ముందు పోతే నువ్వే కడగాలి. ఆ పిల్లలకి నా వంకర వేళ్ళ మధ్య ఎలా తుడవాలో తెలీదు," అంది.

"నీ వేళ్ళే కాదు, నీ చెవుల వెనక మట్టి సంగతి కూడా నాకే తెలుసు. కడుగుతాను, పో."

ఆ మాటన్న మూడు నెలలకు, ఒక గురువారం సాయంత్రం ఫెయ్‌గా పోయింది. మర్నాడు శుక్రవారం. పొద్దుగూకితే సబ్బాతు, ఏ పనీ చేయకూడని రోజు; ఆలోపే మట్టిలో పెట్టాలి. బ్లూమా తెల్లారగానే కడిగే గది దగ్గరికి వెళ్ళింది. కరీనా తలుపు దగ్గర అడ్డం నిలబడింది.

"అమ్మమ్మా, నియమం ఉంది కదా..."

"నియమం సోమవారం చదివి వినిపించు, వింటాను. ఇవాళ లోపలున్నది ఫెయ్‌గా."

కరీనా పక్కకు జరిగింది. "సరే. నీళ్ళు పోసేప్పుడు మూడో బకెట్ మీది. సగమే నింపుతాను."

"సగం నింపితే కొలత తప్పుతుంది. నిండా నింపు."

ఒళ్ళు తుడవడం అయింది. ఆ వంకర వేళ్ళను బ్లూమాయే ఒక్కొక్కటీ విడదీసి తుడిచింది. ఇక మిగిలింది నీళ్ళు. మూడు బకెట్లు, తల నుంచి పాదాల దాకా. మొదటిది అయిపోకముందే రెండోది అందుకోవాలి, రెండోది అయిపోకముందే మూడోది. రెప్పపాటు ధార తెగినా మొదటినుంచి పోయాలి. తెగడం ఎవరు చూస్తే వాళ్ళు "మళ్ళీ" అనాలి. తెగకుండా పూర్తయితేనే "ఆమె పవిత్రురాలు" అని మూడుసార్లు అంటారు. అక్కడ మొహమాటం లేదు. కిందటేడు, కరీనాతో పాటు కడిగే మిలేనా చేతిలో తెగితే అందరూ ఒక్కసారే అరిచారు, ఆ పిల్ల నాలుక కరుచుకుని మళ్ళీ నింపుకొచ్చింది.

కరీనా మొదటిది పోసింది. మిలేనా రెండోది అందుకుంది. బ్లూమా మూడోది ఎత్తింది. మణికట్టు పట్టు తప్పింది. బకెట్ అంచు బల్లకు కొట్టుకుంది. మిలేనా నీళ్ళు అయిపోయాయి, బ్లూమా నీళ్ళు ఇంకా పడలేదు. అంతే, రెప్పపాటు. తర్వాత ధారగానే పడ్డాయి.

బ్లూమా తలెత్తింది. మిలేనా తువ్వాలు వెతుకుతోంది. కరీనా గోడకేసి చూస్తోంది. ఇద్దరూ కలిసి, కాస్త తొందరగా, "ఆమె పవిత్రురాలు, ఆమె పవిత్రురాలు," అని మొదలుపెట్టారు.

"తెగింది," అంది బ్లూమా.

"లేదమ్మమ్మా, ఎంత చక్కగా పోశారో!" అంది కరీనా. మట్టిబొమ్మ చేసి చూపించిన పసిపిల్లతో మాట్లాడే గొంతు అది.

"మిలేనా, నువ్వు చూశావు."

"నేను... తువ్వాలు తీస్తున్నా, అమ్మమ్మా."

"నా మొహం చూసి దీన్ని సగం కడిగి పంపిస్తారా? నాకు మర్యాద చేద్దామని దీనికి అన్యాయం చేస్తారా?"

"కారు గేటు దగ్గరే ఉంది. పొద్దుగూకేలోపు..." అంది కరీనా.

"ఉండనీ."

బ్లూమా మూడో బకెట్ తీసుకెళ్ళి కరీనా కాళ్ళ దగ్గర పెట్టింది. "మొదటిదీ మూడోదీ నువ్వే పొయ్యి, రెండోది మిలేనా పోస్తుంది. నింపండి." తను గోడవార నిలబడింది, చేతులు వెనక్కి కట్టుకుని. ఈసారి ధార ఎక్కడా తెగలేదు. పిల్లలు బాగా పోశారు. ఫెయ్‌గా కోరిన చేతులు మాత్రం కావు అవి. "ఆమె పవిత్రురాలు," అని బ్లూమా కూడా మూడుసార్లు అంది.

బట్టలు తొడిగాక, పేరు పెట్టి పిలిచి క్షమాపణ అడగాలి. "ఫెయ్‌గా, మెందెల్ కూతురా, నీ గౌరవానికి తగనిది చేసుంటే మమ్మల్ని క్షమించు," అంది కరీనా. బ్లూమా ఆ మాట అందరికన్నా ఆలస్యంగా, ఒక్కతే అడిగింది.

బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే కరీనా పక్కకు వచ్చింది. "అమ్మమ్మా, వచ్చే గురువారం పెద్దవాళ్ళ సభ ఉంది. మీ నలభై ఏళ్ళ అనుభవం చెప్పాలి. అందరికీ ఎంత ఉత్సాహంగా ఉంటుందో!"

"చెప్తాను. నలభై ఒక్క ఏళ్ళలో ధార తెగితే నోరు మూసుకున్నవాళ్ళని ఒక్క రోజే చూశానని చెప్తాను."

పోయినవాళ్ళని అప్పుడే తుడిచేసుకున్నట్టవుతుందని, ఆ కుళాయి దగ్గర చేతులు తుడుచుకోవడం ఆచారం కాదు. బ్లూమా తడి చేతులతోనే బస్సు ఎక్కింది.