ఐదుగురికి టేబుల్

వనపర్తిలో ఎరువుల దుకాణం నడిపే నరేందర్‌కు ఆ ఎండాకాలం ఆఫీసర్లలా దర్జా చెయ్యాలని బుద్ధి పుట్టింది. హైదరాబాదు అవతల కొత్తగా తెరిచిన ఆటల పార్కుకు తీసుకుపోతానని పిల్లలిద్దరికీ మాటిచ్చినవాడు, ఆటల సంగతి పక్కనబెట్టి తిండి సంగతి పట్టుకున్నాడు. కొత్త సెల్‌ఫోన్ చెవికి ఆనించుకొని, దుకాణానికి వచ్చిన రైతులందరికీ వినబడేట్టు, "ఆఁ, బఫే... ఐదుగురికి టేబుల్... శనారం ఒంటిగంటకు" అని అరిచాడు. హోటలువాళ్ళు అడిగారట, ఎవరెవరికి ఏం కావాలో ఒక కాగితం మీద రాసి, ఫోన్‌లోనే చదివి వినిపించి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. వారం రోజులు ఆ కాగితం ఒక చొక్కాలోంచి ఇంకో చొక్కాలోకి మారిందే తప్ప ఇంట్లో ఎవరి కంటా పడలేదు.

శనివారం అన్న మాట వినగానే అతని భార్య వసంతకు చిర్రెత్తింది. అత్త నాగేంద్రమ్మకు శనివారాలు ఒక్కపొద్దు. ఇరవై ఏళ్ళ కింద ఈ నరేందర్‌కే విషజ్వరం వచ్చి మంచం పట్టినప్పుడు కురుమూర్తి స్వామికి మొక్కిన మొక్కు అది. రోజంతటికీ మధ్యాహ్నం ఒకే పూట తింటుంది, అదీ స్నానం చేసి ఇంట్లో వండింది, ఉల్లీ ఎల్లిగడ్డా తగలనిది. బయటి కూడు ముట్టదు. ఇప్పుడు పైనుంచి షుగరు. పొద్దున గోలీ వేసుకున్నాక పన్నెండు దాటకుండా కడుపులో ఏదో ఒకటి పడకపోతే చేతులు వణుకుతాయి.

"ఆదివారం పెట్టుకోరాదా?" అంది వసంత.

"ఆదివారం టేబుల్ దొరకది. నేనన్నీ మాట్లాడిన గదా, నువ్వు ఫికర్ జెయ్యకు."

అన్నీ మాట్లాడాడన్న మాటను నమ్మి ఆమె ఎన్నిసార్లు భంగపడిందో లెక్కలేదు. అందుకే శనివారం తెల్లవారకముందే తలస్నానం చేసి, నాలుగు జొన్నరొట్టెలు కొట్టి, గోరుచిక్కుడు కూర వండి, తెల్లబట్టలో మూట కట్టింది. అది చూసి నరేందర్ మొహం ముడుచుకున్నాడు. "గాడ మూటలు ఇప్పుతవా? పల్లెటూరోళ్ళమని నవ్వరా?" అన్నాడు. సొంతూరు గోపాల్‌పేటలో పొలంగట్టు మీద ఇలాంటి మూటలే విప్పుకొని తిని పెరిగినవాడు. వసంతకు రోత పుట్టింది, మూటను సంచి అడుగున పెట్టుకుంది.

పార్కు చేరేసరికి పన్నెండయింది. గేటు దగ్గర నడుమెత్తు నీలంరంగు డ్రమ్ము. బయటి తిండి లోపలికి రానివ్వరట. సంచులు విప్పించి, దొరికినదల్లా అందులో వేయిస్తున్నారు. పులిహోర పొట్లాలు, చపాతీలు, ఎవరో చంటిపిల్లకు కలిపి తెచ్చిన పాలబువ్వ, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఎండకు పులిసి కంపుకొడుతున్నాయి. వసంత ముక్కు మూసుకుంది. అన్నం పారేయించడానికి ఒక డ్రమ్ము, దానికొక కాపలా!

ఆ కాపలా మనిషి పేరు మాసయ్య. యాభై దాటినవాడు, మాట వింటే తమ పాలమూరోడే. ముసలామె మొహం చూసి గొంతు తగ్గించాడు. "అవ్వకు షుగరా అక్కా? దవాఖాన చిట్టి ఉంటె సూపియ్యి. చిట్టి ఉన్నోళ్ళను ఇడుస్తరు."

వసంత గబగబా సంచిలో చిట్టి వెతుకుతోంది. ఇంతలో నరేందర్ మూట లాక్కొని, "మాకు లోపల బఫే ఉన్నది, గీ రొట్టెలు ఎవనిక్కావాలె!" అంటూ డ్రమ్ములో పడేశాడు. చిట్టి ఆమె చేతికి అందేసరికి తెల్లబట్ట పులిహోరలో కూరుకుపోయింది. నాగేంద్రమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

ఒంటిగంటకు టేబుల్ సిద్ధంగానే ఉంది. నరేందర్ పళ్ళెం నిండా కోడికూర దిబ్బ పోసుకొచ్చాడు. చుట్టూ జనం సగం తిని, సగం కెలికి, కొత్త పళ్ళేలు అందుకుంటున్నారు. కోడికూరలో ముంచిన గరిటే పప్పులోనూ మునుగుతోంది, పండ్ల ముక్కల మీద మసాలా ఎర్రగా కారింది. వసంతకు ఒళ్ళంతా కంపరమెత్తింది.

"ఎంతైనా తినొచ్చు, కానీయుండ్రి!" అన్నాడు నరేందర్, మూతికి నూనె కారుతుండగా. "అమ్మా, ఒక్కనాటికి ఏం కాదు, తిను."

నాగేంద్రమ్మ పళ్ళెం దూరం జరిపింది. నీళ్ళగ్లాసు పట్టుకోబోతే చెయ్యి వణికి సగం నీళ్ళు ఒళ్ళో పడ్డాయి. నొసట చెమట కారుతోంది. వసంత ఇక ఎవరినీ అడగలేదు. పిల్లల్ని తండ్రికి వదిలేసి, అత్త రెక్క పట్టుకొని గేటు దగ్గరికి నడిపించుకొచ్చింది.

మాసయ్య చూడగానే తన స్టూలు వేశాడు. వసంత అత్త ఒక్కపొద్దు సంగతి చెప్పింది. "నా పెండ్లాం గూడ శనారమే ఒక్కపొద్దు ఉంటది అవ్వా. తానం జేసే వండింది, ఉల్లిగడ్డ గూడ ఎయ్యలే. ఇంకా నేను ముట్టలే" అంటూ డబ్బా విప్పాడు. రెండు రొట్టెలు, ఇంత పప్పు. నాగేంద్రమ్మ కురుమూర్తి స్వామి దిక్కు తిరిగి దండం పెట్టుకొని ఒక రొట్టె తీసుకుంది. రెండోది పెట్టబోతే, "సాలు కొడుకా, నువ్వేం దింటవ్?" అని డబ్బా మూసింది. మెల్లగా చేతి వణుకు తగ్గింది.

అప్పుడొచ్చాడు నరేందర్, పళ్ళలో పుల్ల పెట్టుకొని. "లోపల గంత తిండి ఉండంగ వాచ్‌మన్ డబ్బల తింటవా అమ్మా? నా ఇజ్జత్ ఏం గావాలె? అందరికీ అడిగి రాపిచ్చిన నేను, సూడుండ్రి!" అంటూ జేబులోని కాగితం తీసి వసంత చేతిలో పెట్టాడు.

వసంత చదివింది. పెద్దోడికి నూడుల్స్. చిన్నదానికి ఐస్‌క్రీం రెండు రకాలు. వసంతకు పన్నీరు. తనకు మటన్, బాగా కారంగా. చివరి వరుసలో, అదే చేతిరాతతో: అమ్మకు, ఏదైనా సరే.

మరోసారి చదవాల్సిన పని లేకపోయింది. ఆమె నాలుగడుగులు వేసి, ఆ కాగితాన్ని డ్రమ్ములో తన రొట్టెల మూట పక్కన పడేసింది.

"ఏందే అది?" అన్నాడు నరేందర్.

"బయటిది లోపలికి తీస్కపోవద్దట" అని అత్త పక్కకు వచ్చి నేల మీద కూర్చుంది.